ఆరో తండ్రి

ఆ ఏడు సెప్టెంబరులో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకచోట ఇంగ్లీషును గుసగుసగా నేర్పారు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బడులు లేవు, కాలేజీలు లేవు, కోచింగ్ సెంటరు తెరిచి ఉందని తెలిస్తే కుర్రాళ్లు జెండాలతో వచ్చి మూయించేవాళ్లు. చక్రపాణి మాస్టారు తన స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు షట్టరును నడుముదాకా దించి, లోపల ముప్పైమందిని కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవాడు. నినాదాలు దగ్గరికొస్తే చాక్‌పీసు పెదవుల మీద అడ్డంగా పెట్టుకునేవాడు. ఊరేగింపు దాటిపోయేదాకా అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. ఆ తరవాత ముప్పై గొంతులు, పక్కగదిలో పసిపిల్ల నిద్రపోతోందన్నట్టు మెల్లిగా, "ఆల్దో ఐ లాస్ట్ మై ఫాదర్" అని మళ్లీ అందుకునేవి.

అంటే, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నాను, అయినా సరే, అని. చిత్రమేమిటంటే ఆ ముప్పైమందిలో ఇరవై ఏడుమంది తండ్రులు నిక్షేపంగా ఉన్నారు.

పద్మలత వాళ్ల నాయిన మరీ నిక్షేపంగా ఉన్నాడు. ఆయన పేరు బిక్షమయ్య. ఎల్బీ నగర్ చౌరస్తా వెనక నాలుగంతస్తుల అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. యాచారం దిక్కు పల్లె నుంచి పన్నెండేళ్ల కిందట వచ్చి, ఆ మెట్ల కింద గదిలోనే బతుకు వెళ్లదీస్తున్నాడు. తల్లి పూలమ్మ అదే అపార్ట్‌మెంటులో అయిదిళ్లలో అంట్లు తోముతుంది. పద్మలత ఆ గదిలోనే చదివి బీకాం పాసయింది. ఆ గదిలో నిటారుగా నిలబడాలంటే గుమ్మం దగ్గరే కుదురుతుంది, లోపలికి పోయేకొద్దీ మెట్లు నెత్తికి తగులుతాయి.

చక్రపాణి మాస్టారిది తెనాలి దగ్గర పల్లెటూరు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చి పద్దెనిమిదేళ్లయింది. మనిషి మంచివాడు. మంచివాళ్లు చేసే చెరుపుకు ఒక పట్టాన కొలత దొరకదు గనక ఆ మాట ముందే చెప్పేసి పక్కన పెడుతున్నాను. ఆయనకొక సిద్ధాంతం ఉంది.

"తెలుగువాడికి ‘నేను’తో పనిలేదర్రా. ‘వస్తున్నా’ అంటే చాలు, ఎవరొస్తున్నారో తెలిసిపోతుంది. ఇంగ్లీషువాడికలా కుదరదు. ‘ఐ’ లేందే వాడు మంచినీళ్లు కూడా అడగలేడు. అలాగని నోరు తెరవగానే ‘ఐ’ అన్నారనుకోండి, పొగరుబోతు అనుకుంటారు. అంచేత ‘ఐ’ ముందు ఎప్పుడూ ఒక మాట వెయ్యాలి. ఆల్దో ఐ. బికాజ్ ఐ. ఫార్చునేట్లీ ఐ. హోప్‌ఫుల్లీ ఐ. ఒకరింట్లో అడుగుపెట్టే ముందు గుమ్మంలో దగ్గుతాం చూడండీ, అదన్నమాట. అందులోనూ ఆల్దో ఉందే, అది మహారాణి. దాని వెనకాల ఒక కష్టం రావాలి. కష్టం ఎంత పెద్దదయితే ఆ తరవాత మీరంత ఎత్తుగా కనపడతారు."

ఈ మహారాణికి కావలసిన కష్టాన్ని ఆయన గౌతమ్ అనే పాత విద్యార్థి దగ్గర సంపాదించాడు. గౌతమ్‌కు నిజంగానే చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఇంటర్వ్యూలో తన గురించి చెప్పమంటే, "చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నా ధైర్యాన్ని మాత్రం పోగొట్టుకోలేదు, ఎందుకంటే నాకు మా అమ్మ ఉంది" అన్నాడట. అడిగినవాళ్ల కళ్లు చెమర్చాయట. అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చారట. మాస్టారు ఆ మాటలు వాడిచేత రాయించుకుని, తప్పులు దిద్ది, తన దగ్గులన్నీ చేర్చి, జిరాక్సు తీయించాడు. అప్పట్నించీ ఆ సెంటర్లో చేరిన ప్రతివాళ్లకూ మొదటిరోజే ఒక కాగితం, దాంతోపాటు ఒక తండ్రి చావు చేతికొచ్చేవి.

పద్మలత మొదటివారమే లేచి నిలబడింది. "సార్, మా నాయిన ఉన్నడు సార్," అంది.

ముందు బెంచీలవాళ్లు కిసుక్కున నవ్వారు. నవ్వింది తండ్రి ఉన్నందుకు కాదు, ‘నాయిన’ అన్నందుకు. అది ఆమెకు తెలుసు. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"ఉంటే మంచిదే కదా తల్లీ, నూరేళ్లుండమను. మా నాన్న మాత్రం లేడా? ఎనభై ఏళ్లు. పొద్దున్నే పొలం దాకా నడిచి మరీ కాఫీ తాగుతాడు. ఆయన్ని నేను ఈ బోర్డు మీద రోజుకి నాలుగుసార్లు చంపుతున్నాను. ఏవయింది? ఇది వాక్యం అమ్మా, జాతకం కాదు. నీకింకేదన్నా కష్టం ఉంటే అదే రాసుకునిరా, నేను దిద్దిపెడతాను."

కష్టాలకేం కొదవ? పద్మలత నోటుపుస్తకం తెరిచి పెన్సిలుతో ఒక వాక్యం రాసింది. ‘ఆల్దో ఐ యామ్ ఎ వాచ్‌మన్స్ డాటర్’ అని. నేను వాచ్‌మన్ కూతుర్నయినా సరే. రాసి, ఆ తరవాత ఏం రాయాలా అని ఆలోచిస్తుండగా పక్కన కూర్చున్న అమల మెడ సాచి చూడబోయింది. అమల వాళ్లకు సైదాబాద్‌లో మందుల దుకాణం ఉంది. పద్మలత చటుక్కున అరచేయి అడ్డం పెట్టింది. క్లాసయ్యాక రబ్బరు తీసుకుని, కాగితం చిరిగేదాకా రుద్దింది. చచ్చిపోయిన తండ్రిని చెప్పుకుంటే జాలిపడతారు, గేటు తీసే తండ్రిని చెప్పుకుంటే చులకన చేస్తారు. ఇరవై రెండేళ్ల పిల్ల ఈ రెంటిలో ఏది తీసుకుంటుందో చెప్పడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఆమె జిరాక్సు కాగితం తీసుకుంది.

ఇంటిదగ్గర ఆమెకు పాఠం అప్పజెప్పించుకునేది బిక్షమయ్యే. రోజూ సాయంత్రం నీళ్ల మోటరు వేసి వచ్చి, కరెంటు మీటర్ల కింద బకెట్టు బోర్లించుకుని కూర్చుని, ఆ కాగితం చేతిలోకి తీసుకునేవాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లీషులో ఆయనకు ఒక్క అక్షరమే తెలుసు. నిట్టనిలువు గీత. అది ‘ఐ’ అనీ, అంటే ‘నేను’ అనీ పద్మలతే చెప్పింది.

"గంతేనా? నేనంటే గంత సన్నగుంటదా?" అని ఆశ్చర్యపోయాడు.

ఆ ఒక్క గీత పట్టుకుని ఆయన కాగితమంతా ఈదేశాడు. ఎక్కడెక్కడ గీత ఉందో, దానికి ముందు ఎంత పొడుగు మాట ఉందో చూపుడువేలితో గుర్తుపెట్టుకున్నాడు. ఆమె తొందరపడి ఏదన్నా మింగేస్తే వేలు అక్కడే ఆపేవాడు. "ఆగు. గీడ గీతకు ముంగట ఏదో ఉన్నది. నువ్వు చెప్పలే," అనేవాడు. చూస్తే నిజంగానే ఫార్చునేట్లీనో హోప్‌ఫుల్లీనో ఎగిరిపోయి ఉండేది. నెల తిరిగేసరికి కాగితం మొత్తం ఆయనకు నోటికొచ్చేసింది. ఒక్క ముక్కకు అర్థం తెలియదు, ఒక్క ముక్క తప్పు పోదు.

ఒకరోజు అడిగాడు. "బిడ్డా, ఫాదరంటే నేనే గద?"

"నువ్వే నాయినా."

"ఏమన్నవ్ నా గురించి?"

పద్మలత మీటర్ల వంక చూసింది. "సదువు లేకున్నా గని నన్ను సదివిచ్చిండు అని," అంది.

బిక్షమయ్య భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ముఖానికి చెమటేం లేదు. "గా ముక్క జర గట్టిగ చెప్పు బిడ్డా. అందరికి ఇనవడాలె," అన్నాడు. ఆ రాత్రి పద్మలత అన్నం సగంలో లేచిపోయింది, తల్లి అడిగితే కడుపునొప్పి అంది.

అప్పట్నించీ ఆయనకు ఆ ముక్క పాటయిపోయింది. గేటు తీస్తూ అదే, కార్లు తుడుస్తూ అదే. ఒకనాడు అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటు కుసుమకుమారి కారు లోపలికి వస్తుంటే గేటు పట్టుకుని, "ఆల్దో ఐ లాస్ట్ మై ఫాదర్ ఇన్ మై చైల్డ్‌హుడ్" అంటున్నాడు. ఆవిడ బెజవాడ మనిషి, బ్యాంకు ఉద్యోగం. అద్దం దించింది. మెట్ల కింద గదిలో ఉన్న పద్మలత గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, మీ నాన్న నీ చిన్నప్పుడే పోయాడా బిక్షమయ్యా?" అంది కుసుమకుమారి.

బిక్షమయ్య బిత్తరపోయాడు. "అవునమ్మా. నాకు ఆరేండ్లు. గా సంగతి మీకెట్ల ఎరుక?"

ఆవిడ నవ్వి, "నీ ఇంగ్లీషు బాగుందయ్యా," అని లోపలికి వెళ్లిపోయింది. ఈ పెద్దోళ్లకు మనిషి ముఖం చూస్తేనే అన్నీ తెలిసిపోతాయని బిక్షమయ్య ఆ పూటంతా చెప్పుకున్నాడు. పద్మలత మాత్రం ఇక ఈ సంగతి ఎప్పుడు బయటపడుతుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టింది. అసలు మాట చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుంది. ఆయన వేలు ఆ గీత కింద పెట్టి ఎదురుచూసే పద్ధతి చూసి రెండుసార్లూ మింగేసింది.

ఆ వారమే కుసుమకుమారి ఇంకో కబురు తెచ్చింది. అపార్ట్‌మెంటుకు ఏజెన్సీ సెక్యూరిటీ పెడుతున్నారు, యూనిఫాం వేసుకుని మనిషి తరవాత మనిషి డ్యూటీకి వస్తారు, మెట్ల కింద గది వాళ్లకు కావాలి. "దసరా వెళ్లాక చూసుకో బిక్షమయ్యా. నా ఒక్కదాని చేతిలో ఉందా?" అంది. ఆవిడ చేతిలో లేదనే మాట నిజం. ఎవరి చేతిలో ఉందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

బిక్షమయ్య ధైర్యం చెప్పబోయాడు. "తెలంగాణ ఒస్తే మన పిల్లలకే నౌకర్లంట. చౌరస్తల అందరు అంటున్నరు."

"ఒచ్చేదాంక యాడ పండుకుందాం?" అంది పూలమ్మ.

అందుకని ముగ్గురి ఆశా ఆ కాగితం మీదికి చేరింది. ఫోన్లలో జనం ఫిర్యాదులు విని సమాధానం చెప్పే కంపెనీ ఒకటి ఇంటర్వ్యూలు పెడుతోందని మాస్టారు చెప్పాడు. బస్సుల్లేక ఎవరూ ఊరు ఆ చివరున్న తమ ఆఫీసుకు రాలేరని వాళ్లే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హోటలు మేడ మీద హాలు తీసుకున్నారు. ఉద్యోగం వస్తే ఎక్కడన్నా ఒక గది కిరాయికి తీసుకోవచ్చు. రాకపోతే దసరా తరవాత సామానుతో రోడ్డు మీదే. లెక్క అంత సులువు.

ఇంటర్వ్యూ రోజు బంద్ మరీ గట్టిగా ఉంది. ఆటో కూడా కదలడం లేదు. బిక్షమయ్య సైకిలు తుడిచి, వెనక సీటు మీద తువ్వాలు మడిచి వేసి, పెళ్లినాటి నుంచి దాచుకున్న తెల్లచొక్కా తొడిగాడు. ప్యాంటు మాత్రం డ్యూటీదే, ఖాకీది. "దింపి, దూరంగ ఉంట తియ్," అన్నాడు ఆమె అడక్కుండానే. ఆ మాట ఎందుకన్నాడో పద్మలత అడగలేదు.

ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు అంత ఖాళీగా ఉండటం ఆమె పుట్టాక చూడలేదు. లారీలు పరుగెత్తే చోట పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. కొత్తపేట దగ్గర పండ్ల మార్కెట్టు మూతపడి, లోపల కుళ్లుతున్న బత్తాయిల వాసన రోడ్డు మీదికొస్తోంది. "చెప్పు," అన్నాడు బిక్షమయ్య. ఆమె వెనక కూర్చుని చెప్పింది. ఆయన ఆ మాటలకు తగ్గట్టు పెడల్ తొక్కాడు. చైతన్యపురి వచ్చేసరికి నాలుగుసార్లు పూర్తయింది. నాలుగుసార్లూ ఆ ముక్క దగ్గర ఆయన వీపు కొంచెం నిటారయింది.

హాలుకు తొమ్మిదిమందే వచ్చారు. అందులో ఆరుగురు చక్రపాణి మాస్టారి పిల్లలు. ఒక్కొక్కరే లోపలికెళ్లి పది నిమిషాల్లో బయటికొస్తున్నారు. అమల రెండోది. "మామూలేనే, కాగితమే," అని చెవిలో చెప్పి పోయింది. పద్మలత వంతు చివరికొచ్చింది.

లోపల ఒక కళ్లజోడాయన, రాసుకోవడానికి ఒకావిడ కూర్చున్నారు. ఆయన వెనక పెద్ద కిటికీ. కిటికీలోంచి చూస్తే కింద హోటలు ముందు సైకిలు, సైకిలు పక్కన గోడనానుకుని గొంతుక్కూర్చున్న తెల్లచొక్కా కనిపిస్తున్నాయి. పద్మలత చూపు తిప్పుకుంది.

"మీ గురించి చెప్పండి," అన్నాడాయన ఇంగ్లీషులో.

ఆమె బాగా చెప్పింది. నెల రోజులు బకెట్టు మీద కూర్చున్న మాస్టారు దిద్దిన చదువది, ఎక్కడా తొట్రుపడలేదు. ఆల్దో దగ్గర ఆ రాసుకుంటున్నావిడ పెన్ను ఆపి కళ్లజోడాయన వంక చూసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. చెమర్చినందుకు కాదు. ఆమె మొత్తం చెప్పేదాకా అలాగే విన్నాడు.

తరవాత తెలుగులో అడిగాడు. "ఈ బంద్‌లో ఎలా వచ్చావమ్మా?"

"సైకిల్ మీద సార్."

ఆయన కుర్చీలోనే వెనక్కి తిరిగి కిటికీలోంచి చూశాడు. "తీసుకొచ్చినాయన ఎవరు?"

ఇక్కడ పద్మలతకు కావలసినంత టైము ఉంది. ఒక ఊపిరి తీసుకునేంత. ఆ ఊపిరిలో ఆమెకు మెట్ల కింద గది, అమల సాచిన మెడ, దసరా అన్నీ వచ్చాయి. ఇంగ్లీషులోనే చెప్పింది, అదే సులువనిపించింది. "యాక్చువల్లీ ఐ డోంట్ హావ్ ఎనీబడీ, సార్. హీ ఈజ్ అవర్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్." నాకెవరూ లేరు, ఆయన మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్. అందులో సగం నిజమే. ఆ సగమే ఆమె ఇంతకాలం దాచింది.

ఆయన హోటలు మనిషిని పంపి బిక్షమయ్యను పైకి పిలిపించాడు. బిక్షమయ్య గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికొచ్చి, గోడ పక్కన నిలబడ్డాడు. బిడ్డకు నౌకరి ఇచ్చి తనకు ఆ మాట చెప్పడానికే పిలిచారనుకున్నాడేమో, ముఖమంతా నవ్వు.

"చూడవయ్యా," అన్నాడు కళ్లజోడాయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఒక్క కోచింగ్ సెంటరు నుంచి ఆరుగురొచ్చారు. ఆరుగురికీ చిన్నప్పుడే తండ్రి చచ్చిపోయాడు. అందరిదీ ఒకటే మాట, ఒకటే కామా. ఈ అమ్మాయి తండ్రి ఇవాళ్టికి ఆరో తండ్రి. చిన్నతనంలోనే పోయాడంటోంది. నువ్వు వాళ్ల అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌వి అంటోంది. నిజమేనా?"

బిక్షమయ్య ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. దానికి కబురు అందడానికి కొంతసేపు పట్టింది. పోయాక ఆయన పద్మలత వంక చూశాడు. పద్మలత నేల వంక చూస్తోంది. ఆమెకు కనపడుతున్నది ఆయన పాదాలు మాత్రమే, సైకిలు తొక్కి దుమ్ముపట్టిన పాదాలు. ఆయన ఒక్క మాట అంటే చాలు, నేను ఆ పిల్ల తండ్రిని అని. అనాలనే ఆమె కోరుకుంది. అనకూడదని కూడా కోరుకుంది. రెండోదే ఎక్కువ కోరుకుంది. ఆ సంగతి తనకు తెలిసినందుకు ఆమె జీవితాంతం తనను క్షమించుకోలేదు.

"నిజమే సార్," అన్నాడు బిక్షమయ్య. "నేను వాచ్‌మన్‌ని. పాపం, తండ్రి లేని పిల్ల. బాగ తెలివి గల్లది సార్. జర చూడుండ్రి."

కళ్లజోడాయన ఒకసారి ఆయన ముఖం చూశాడు, ఒకసారి ఆమె ముఖం చూశాడు. ఇద్దరిదీ ఒకటే ముక్కు, ఒకటే పలుచని కనుబొమలు, ఇద్దరికీ పైపళ్ల మధ్య అదే సందు. ఆయన కాగితాలు దొంతర పెట్టి, పెన్ను మూత బిగించాడు. "సరేనమ్మా. కబురు చేస్తాం," అన్నాడు. ఆ గొంతులో కబురు ఎప్పుడో అయిపోయింది.

తిరుగుదారిలో బిక్షమయ్య సైకిలెక్కలేదు. చేత్తో నడిపించుకుంటూ ముందు నడిచాడు. పద్మలత వెనక నడిచింది. చైతన్యపురి దాటారు.

"ఎన్ని దినాలసంది చెప్తున్నవ్ గట్ల?" అన్నాడు చివరికి.

"నెల, నాయినా."

"రోజు నేనే చదివిచ్చిన గద."

ఆమె ఏడుస్తోంది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఇంకొంత దూరం నడిచాక అడిగాడు. "వాచ్‌మన్ బిడ్డనంటే ఇయ్యరా?"

ఇస్తారో ఇవ్వరో ఆమెకు తెలియదు. ఎప్పుడూ అడిగి చూడలేదు.

"గా మాట నాకైతే నిజమే," అన్నాడు బిక్షమయ్య, తనలో తను అనుకున్నట్టు. "మా నాయిన నా చిన్నప్పుడే పాయె. నాకెవ్వడు పిలిచి నౌకరియ్యలే."

కొత్తపేట దగ్గర సమ్మెవాళ్లు రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. దారిన పోయేవాళ్లందరినీ కూర్చోబెట్టి కిచిడీ పెడుతున్నారు. మైకులో పాట మోగుతోంది. వీళ్లనూ కూర్చోబెట్టారు. వడ్డిస్తున్న ముసలమ్మ ఒకామె, నుదుట గులాబీరంగు రాసుకుంది, పద్మలత గడ్డం పట్టుకుని, "ఎవల బిడ్డవు తల్లీ, గట్ల ఏడుస్తున్నవ్?" అంది.

పద్మలత నోరు తెరిచింది. ఈసారి చెప్పేదే. ముందు ఏ దగ్గూ లేకుండా చెప్పేదే. కానీ బిక్షమయ్య చుట్టూ ఒకసారి చూసి, ఆమె కంటే ముందే అందుకున్నాడు. "మా అపార్ట్‌మెంటు పిల్లమ్మా. ఇంటికి దింపుతున్న," అన్నాడు. ముసలమ్మ ముందుకు జరిగాక, పళ్లెం మీదికి వంగి, "కంపెనోల్లు గిట్ట ఈడీడనే తిరుగుతుంటరేమో. ఎందుకైనా మంచిది," అన్నాడు. అని కిచిడీ తిన్నాడు. ఆయన ఎప్పుడూ అన్నం వదలడు, ఆ రోజు కూడా వదల్లేదు. ఆమెను కోప్పడి ఉంటే బాగుండేది. చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది. ఆ పళ్లెం ముందు కూర్చున్నంతసేపూ ఆమె అదే కోరుకుంది, అది జరగలేదు.

సాయంత్రం మాస్టారు ఫోను చేశాడు. కంపెనీవాళ్లు ఆరుగురిలో ఒక్కరినీ తీసుకోలేదు. ఇకమీదట తన సెంటరు నుంచి ఎవర్నీ పంపొద్దన్నారట. "నువ్వేం దిగులు పెట్టుకోకమ్మా. వచ్చే సోమవారం ఇంకో కంపెనీ వస్తోంది. వాళ్లకి మనవెవరో తెలీదు. ఒక్కొక్కర్నీ వేరువేరు రోజుల్లో పంపిస్తాను. కాగితం మాత్రం మర్చిపోకు." గది చిన్నది. ఫోనులో మాటలు పూలమ్మకూ వినపడ్డాయి, బిక్షమయ్యకూ వినపడ్డాయి. పూలమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆమె ఇద్దరి ముఖాలూ చూసి అడగలేదు. అటక మీంచి గోనెసంచులు దించి, దులిపి, చిరిగినవి కుట్టుకుంటూ కూర్చుంది.

మర్నాడు సాయంత్రం బిక్షమయ్య మోటరు వేసి వచ్చాడు. బకెట్టు బోర్లించుకుని మీటర్ల కింద కూర్చున్నాడు.

"కాయిదం తే," అన్నాడు.

"ఒద్దు నాయినా."

"సోమారం ఇంకోల్లు ఒస్తున్నరని సార్ చెప్పిండు గద. తే."

"నేను వేరేది రాసుకుంట. నీ పేరు చెప్త."

బిక్షమయ్య తల అడ్డంగా ఊపాడు. "పదిరోజులల్ల గది ఖాళీ చెయ్యాలె. ఇప్పుడు కొత్తది యాడ నేర్చుకుంటవ్? తప్పులు పోతయ్. ఇది మంచిగొచ్చింది నీకు." చెయ్యి చాపే ఉంచాడు.

ఆమె కాగితం ఇచ్చింది. నెల రోజుల్లో అది మడతల దగ్గర చిరిగి, ఆయన వేలి కింద నలిగి, ఆ ఒక్క చోట మసకబారి ఉంది. ఆమె మొదలుపెట్టింది. మొదటి వాక్యం అయింది. రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది. బిక్షమయ్య వేలు గీత కింద ఆగింది.

"గీడ గీతకు ముంగట ఏదో ఉన్నది," అన్నాడు.

ఆమె తల ఊపింది, రాదు అన్నట్టు. గేటు దగ్గర ఎవరో హారను కొట్టారు. బిక్షమయ్య లేవలేదు. తల ఎత్తకుండానే, ఒక్క ముక్క తప్పు పోకుండా, తనే అందించాడు.

"ఆల్దో ఐ లాస్ట్ మై ఫాదర్ ఇన్ మై చైల్డ్‌హుడ్. అను, బిడ్డా."

పద్మలత అంది.

"జర గట్టిగ," అన్నాడు బిక్షమయ్య.